తేదీ సరే, కిలో ధర ఎంత?

మే 21 టీది. జూన్ 1 పాలది. జూలై 22 మామిడిది, 29 లిప్‌స్టిక్‌ది, ఆగస్టు 7 చేనేతది, అక్టోబరు 1 కాఫీది. నవంబరు 26 మళ్లీ పాలదే. మధ్యలో ఏదో ఒక శుక్రవారం సినిమాది. ఉదయం ఫోను తెరవగానే ఎవరో ఒకరు శుభాకాంక్షలు పంపుతారు, మనమూ ఇంకొకరికి పంపుతాం. తాగేవాటికి, తయారయ్యేవాటికి, వినోదానికి ఒక్కో రోజు కేటాయించుకుని సరదాపడటంలో తప్పేమీ లేదు. అయితే ఈ రోజుల్ని ఎవరు పెడతారు? ఆ రోజున ఏ లెక్కైనా మారుతుందా? ఈ రెండు ప్రశ్నలు గౌనిపల్లి లాంటి ఊరి వైపు నుంచి వేసి చూడాలి.

గౌనిపల్లి కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకాలో, ఆంధ్ర సరిహద్దుకు దగ్గర్లో ఉంది. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. కోలారుకు పట్టు, పాలు, బంగారం సీమ అని పేరు. అందులో బంగారం కథ 2001 ఫిబ్రవరి 28న కేజీఎఫ్ గనులు మూతపడటంతో ముగిసింది. ఈ తాలూకాకు మిగిలినవి ముఖ్యంగా పాలు, మామిడి. ఈ రెండింటికీ క్యాలెండరులో రోజులున్నాయి కాబట్టి, ఆ రోజుల వల్ల ఎవరికి ఏం దక్కుతోందో అడిగే హక్కు ఈ ఊరికి అందరికంటే ఎక్కువ.

ముందు పుట్టుక సంగతి. అమెరికాలో ఛేజ్ అనే అన్నదమ్ములు 1957లో ఇలాంటి రోజులన్నిటినీ ఒకచోట చేర్చి ఒక చిన్న పుస్తకం వేశారు. అందులో 32 పేజీలు, 364 నమోదులు. అప్పటి నుంచి ఆ సంఖ్య పెరుగుతూనే ఉంది. అక్కడి కాంగ్రెస్ సభ్యులు ఫలానా రోజు, ఫలానా వారం అంటూ బిల్లులు పెట్టీ పెట్టీ సభ సమయం చాలా దానికే పోతుంటే, 1995 జనవరిలో ప్రతినిధుల సభ అలాంటి బిల్లుల్నే నిషేధించింది. ప్రభుత్వం తప్పుకున్న చోటికి ప్రైవేటు వాళ్లు వచ్చారు. 2013లో నార్త్ డకోటా రాష్ట్రంలోని మాండన్ అనే చిన్న పట్టణంలో మార్లో ఆండర్సన్ అనే ఆయన ‘నేషనల్ డే క్యాలెండర్’ మొదలుపెట్టాడు. కంపెనీలు దరఖాస్తు పెట్టుకుని, రుసుము కట్టి తమ సరుకుకు ఒక రోజు నమోదు చేయించుకోవచ్చు. మనకు వాట్సాప్‌లో వచ్చే ‘జాతీయ’ రోజుల్లో చాలా వాటి జాతి అమెరికాయే. జూలై 29 లిప్‌స్టిక్ రోజు అలాంటిదే.

రెండో దారి ఐక్యరాజ్యసమితిది. అక్కడ తీర్మానం కావాలి, దేశాలు ఒప్పుకోవాలి. టీ కథ చూడండి. 2005 డిసెంబరు 15న ఢిల్లీలో తొలి అంతర్జాతీయ టీ దినం జరిపినవాళ్లు తేయాకు తోటల కార్మికుల సంఘాలు, చిన్న రైతుల ప్రతినిధులు. కూలి, గిట్టుబాటు ధర అనేవే వాళ్ల మాట. ఆ తరవాత భారత్ ప్రతిపాదన మీద 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మే 21ని ఖాయం చేసింది, 2020 నుంచి జరుగుతోంది. కాఫీ రోజును లండన్‌లోని అంతర్జాతీయ కాఫీ సంస్థ 2015లో మొదలుపెట్టింది. మన దేశపు కాఫీలో దాదాపు 70 శాతం కర్ణాటకదే అయినా, ఆ తోటలు పడమటి కొండల్లో ఉన్నాయి. కోలారు ఎర్రనేలల్లో కాఫీ లేదు.

మూడోది మన ప్రభుత్వమే పెట్టే రోజు. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్ హాలులో స్వదేశీ ఉద్యమానికి పిలుపునిచ్చారు. ఆ గుర్తుగా కేంద్రం 2015లో జాతీయ చేనేత దినం ప్రకటించింది. అందానికి ఒక రోజంటూ ఉండాలంటే ఇంతకంటే తగింది నాకు కనిపించదు. కాని లెక్క బాధపెడుతుంది. 2009-10 గణనలో నేతపనివారు, అనుబంధ పనివారు కలిసి 43.31 లక్షలు. 2019-20 గణనలో 35.22 లక్షలు. రోజు పుట్టింది ఆ రెండు గణనల మధ్యే. 2020లోనైతే చేనేత దినానికి పదకొండు రోజుల ముందు, జూలై 27న, అఖిల భారత చేనేత బోర్డునే రద్దు చేశారు. ఆగస్టు 7న పట్టుచీర కట్టుకుని ఫొటో పెట్టేవాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ చీర కొన్నవాళ్లయితే వాళ్లకు దండం పెడతాను. ఫిర్యాదల్లా ఆ రోజున 35.22 లక్షలనే అంకెను ఎవరూ తలవకపోవడం గురించే.

సినిమా రోజు వేరే రకం. దీన్ని పెట్టింది మల్టీప్లెక్సుల సంఘం. కొవిడ్‌తో మూతపడి తెరుచుకున్న హాళ్లకు జనాన్ని రప్పించడానికి 2022 సెప్టెంబరు 23న దేశంలో 4,000కు పైగా తెరల మీద టికెట్టు 75 రూపాయలే అన్నారు. ఆ ఒక్క రోజు 65 లక్షల మంది వచ్చారని సంఘం చెప్పింది. అంటే తెరకు సుమారు 1,600 మంది. అదే నెల 3న అమెరికాలో 3 డాలర్లకే టికెట్టిస్తే దాదాపు 30,000 తెరలకు 81 లక్షల మంది వచ్చారు, అంటే తెరకు 270 మంది. మన దగ్గర సినిమా మీద మోజు తగ్గలేదు, టికెట్టు ధరే అడ్డు అని ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే చాలు, తెలిసిపోతుంది. 2023 అక్టోబరు 13న, 2024 సెప్టెంబరు 20న 99 రూపాయలు చేశారు. 2023లోనూ 60 లక్షలు దాటారు. కర్ణాటక ప్రభుత్వం 2025 సెప్టెంబరులో టికెట్టు 200 రూపాయలు మించకూడదని నిబంధన తెస్తే, అదే నెలలో హైకోర్టు నిలిపేసింది. కేసుల సంగతి ఎలా ఉన్నా, సినిమా రోజును నేను మెచ్చుకుంటాను. ఆ రోజు జేబులో తేడా తెలుస్తుంది. ప్రకటించిన ధర కౌంటరు దగ్గర కనిపిస్తుంది. కుటుంబంలో నలుగురూ కలిసి వెళ్లగలిగే రోజు ఏడాదికి ఒక్కటైనా వస్తుంది.

ఇక పాలు. పాలకు రెండు రోజులు. జూన్ 1 ఆహార వ్యవసాయ సంస్థ 2001లో పెట్టిన ప్రపంచ పాల దినం. నవంబరు 26 వర్గీస్ కురియన్ పుట్టినరోజు. ఆయన 1921లో కోళిక్కోడులో పుట్టారు. 2014 నుంచి ఆ తేదీని జాతీయ పాల దినంగా జరుపుతున్నారు. ఈ రెండో రోజుకు నేను ఎందుకు విలువిస్తానంటే, కేంద్ర పశుసంవర్ధక శాఖ కొన్నేళ్లుగా ఆ రోజునే పాల లెక్కల పుస్తకం విడుదల చేస్తోంది. 2024 నవంబరు 26న వచ్చిన లెక్క ప్రకారం 2023-24లో దేశపు పాల దిగుబడి 23.93 కోట్ల టన్నులు. జనాభాతో, 365 రోజులతో భాగిస్తే మనిషికి రోజుకు 471 గ్రాములు. ప్రపంచ సగటు 322 గ్రాములే. 1950-51లో దేశమంతా కలిసి పితికింది 1.7 కోట్ల టన్నులు. డెబ్బై మూడేళ్లలో పద్నాలుగు రెట్లు.

ఆ పద్నాలుగు రెట్లలో కోలారు వాటా చిన్నది కాదు. కోలారు జిల్లా నాయకుడు, నెహ్రూ హయాంలో కేంద్ర వ్యవసాయ ఉపమంత్రిగా చేసిన ఎం.వి. కృష్ణప్ప సీమావుల్ని ఈ ప్రాంతానికి తెప్పించి పాడిని పెంచారని ఇక్కడివాళ్లు ఇప్పటికీ కృతజ్ఞతగా చెప్పుకుంటారు. కరువు పదేపదే పలకరించే నేల ఇది. పంట ఎండినా రెండు ఆవులుంటే ఇల్లు గడుస్తుంది. తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి క్యాను పట్టుకుని ఊరి డెయిరీకి పోతారు. అక్కడ వెన్నశాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక మిగిలిన ఘనపదార్థం) చూసి పుస్తకంలో రాస్తారు. ఆ డబ్బులు బ్యాంకు ఖాతాలో పడతాయి. దానికి తోడు రాష్ట్ర ప్రభుత్వపు ప్రోత్సాహం ఉంది. 2008లో లీటరుకు 2 రూపాయలు, 2013లో 4, 2016లో 5 అయింది. ఆ 2013లోనే, ఆగస్టు 1న, క్షీరభాగ్య పథకం మొదలైంది. 18 గ్రాముల పాలపొడితో 150 మిల్లీలీటర్ల పాలు కలిపి బడిపిల్లలకు ఇస్తారు. రైతు దగ్గర ఎక్కువైన పాలు పొడిగా మారి, రైతు పిల్లల గ్లాసులోకే చేరతాయి. ప్రోత్సాహకం ఖాతాలో పడటానికి నెలలు పడుతోందనే మాట నిజమే, దాన్ని సరిదిద్దాలి. అయినా పాల రోజు వెనక ఒక సంఘం ఉంది, ఒక తూకం ఉంది, ఒక పుస్తకం ఉంది. అందుకే అది ఉత్త శుభాకాంక్షల రోజు కాదు.

మామిడి రోజు దగ్గరికి వచ్చేసరికి ఇవేవీ కనిపించవు. జూలై 22న పండ్ల బొమ్మలు, జ్యూసు సీసాల ప్రకటనలు నిండిపోతాయి. ఆ తేదీకి శ్రీనివాసపురం మండీలో బాదామి, రసపూరి, బేనిషా దాదాపు అయిపోయి, నీలం, తోతాపురి ఉంటాయి. తోతాపురిని మనవాళ్లు బెంగళూరా అంటారు. సీసాలోకి వెళ్లే మామిడి ఇదే ఎక్కువ. దీన్ని గుజ్జు చేసే ఫ్యాక్టరీలు ఎక్కువగా సరిహద్దు అవతల చిత్తూరు జిల్లాలో ఉన్నాయి. మాజా 1976లో, ఫ్రూటీ 1985లో, స్లైస్ 1993లో వచ్చినప్పటి నుంచి ఈ కాయకు గిరాకీ సీసాలతో ముడిపడింది.

2025లో ఆ ముడి బిగిసింది. కాపు విరగకాసింది, ధర పడిపోయింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తమ రైతుకు కిలోకు 12 రూపాయలు దక్కేలా ఏర్పాటు చేసింది. అందులో ఫ్యాక్టరీ ఇచ్చేది 8, ప్రభుత్వం కలిపేది 4. పొరుగు కాయ ఇంకా చవగ్గా వస్తే ఆ ఏర్పాటు నిలవదని, జూన్ 7న చిత్తూరు జిల్లా యంత్రాంగం బయటి రాష్ట్రాల తోతాపురిని రానివ్వొద్దని ఉత్తర్వు ఇచ్చింది. సరిహద్దు దగ్గర లోడు లారీలు ఆగిపోయాయి. కోలారు రైతులు రోడ్డెక్కారు, శ్రీనివాసపురం బంద్ అయింది. కర్ణాటక ముఖ్యమంత్రి ఆంధ్ర ముఖ్యమంత్రికి లేఖ రాశారు, కేంద్రానికీ రాశారు. మామిడి ధర క్వింటాలు 12,000 నుంచి 3,000కు పడిందని, రాష్ట్ర ధరల కమిషన్ లెక్కలో పండించే ఖర్చే 5,466 అని కేంద్రానికి రాసిన లేఖలో ఉంది. చివరికి కేంద్రం 2.5 లక్షల టన్నుల వరకు, క్వింటాలుకు 1,616 రూపాయలను ప్రామాణిక ధరగా తీసుకుని, తగ్గిన ధర భర్తీ చేయడానికి ఒప్పుకుంది. 5,466 ఖర్చు పక్కన 1,616 మూడో వంతు కూడా కాదు.

ఇక్కడ రెండు రాష్ట్రాల రైతుల మీదా తప్పు లేదు. అవతలి పల్లెలోనూ తెలుగే, ఇవతలి పల్లెలోనూ తెలుగే. పెళ్లి సంబంధాలు గీతకు రెండు పక్కలా ఉన్నాయి. ఇద్దరి కాయా ఒకే ఫ్యాక్టరీకి పోవాలి. కొట్లాట వాళ్ల మధ్య పెట్టడం అన్యాయం. సీసా లెక్క చూస్తే ఎందుకో తెలుస్తుంది.

మన ఆహార ప్రమాణాల ప్రకారం ‘ఫ్రూట్ డ్రింక్’ అని అమ్మాలంటే పండ్లరసం కనీసం 10 శాతం ఉండాలి. 600 మిల్లీలీటర్ల సీసా 40 రూపాయలనుకుందాం. కనీసపు లెక్కలో అందులో గుజ్జు 60 గ్రాములు. కాయలో సగం గుజ్జు దిగుతుందనుకుంటే 120 గ్రాముల కాయ కావాలి. ఫ్యాక్టరీ ధర కిలో 8 రూపాయల చొప్పున ఆ కాయ విలువ 96 పైసలు. గుజ్జు రెట్టింపు, అంటే 20 శాతం పోసినా 1 రూపాయి 92 పైసలు. ఇదే సీసా మీద 2025 సెప్టెంబరు 22 దాకా 12 శాతం జీఎస్టీ ఉండేది, అంటే సుమారు 4 రూపాయల 29 పైసలు. ఆ రోజు నుంచి 5 శాతమైంది. అదే 40 రూపాయల సీసాలో ఇప్పటి పన్ను సుమారు 1 రూపాయి 90 పైసలు. కనీసపు గుజ్జు లెక్కలో తగ్గించిన పన్ను కూడా కాయ ధరకు దాదాపు రెట్టింపు. ఏడాదంతా చెట్టు కింద నీళ్లు పోసి, పురుగుమందు కొట్టి, కోత కూలి, లారీ బాడుగ భరించినవాడికి చేరేది రూపాయికి నాలుగు పైసలు తక్కువ.

కిలోకు ఇంకో 4 రూపాయలు ఫ్యాక్టరీయే ఇస్తే సీసాకు పెరిగే ఖర్చు 48 పైసలు. 40 రూపాయల సీసా కొనేవాడికి అది తెలియను కూడా తెలియదు. రైతుకు మాత్రం టన్నుకు 4,000 రూపాయలు. కర్ణాటకలో మామిడి 1.39 లక్షల హెక్టార్లు, 2025లో అంచనా దిగుబడి 8 నుంచి 10 లక్షల టన్నులు. అందులో ఫ్యాక్టరీకి పోయే ప్రతి టన్నుకూ ఈ 4,000 చేరితే అది ఎన్ని ఇళ్ల అప్పు తీర్చగలదో ఆలోచించండి.

ఇదేమీ అసాధ్యం కాదు. పాలకు చేసిందే మామిడికీ చేయాలి. డెయిరీలో పాల ధర ముందే తెలుస్తుంది, తూకం ముందే తెలుస్తుంది. మామిడికి కాయ కోసి, లారీకెత్తి, మండీకి చేర్చాకే ధర తెలుస్తుంది. కోసిన కాయ ఆగదు కాబట్టి చెప్పిన ధరకు ఒప్పుకోవాల్సిందే. గుజ్జు తీసే ఫ్యాక్టరీ ఒకటి సహకార సంఘం చేతిలో శ్రీనివాసపురంలోనే ఉంటే, సరిహద్దు మూసినా కాయ కుళ్లదు. సీజను మొదలయ్యే ముందే రెండు రాష్ట్రాల ఉద్యాన శాఖలు కూర్చుని ఒకే కనీస ధర ప్రకటిస్తే, ఏ జిల్లా యంత్రాంగమూ లారీల్ని ఆపాల్సిన పని ఉండదు.

వచ్చే జూలై 22న మామిడి దినం శుభాకాంక్షలు పంపేవాళ్లందరికీ నా విన్నపం ఒక్కటే. బొమ్మ కింద ఆ రోజు శ్రీనివాసపురం మండీలో తోతాపురి కిలో ధర కూడా రాయండి. చేతిలో జ్యూసు సీసా ఉంటే తిప్పి చూసి, గుజ్జు ఎంత శాతమో దాని పక్కనే రాయండి. మీ శాసనసభ్యుడికీ అదే పంపండి.