తొక్కలోని రంగు: ఏది నీటికి, ఏది నూనెకు?

మాదాపూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక తల్లి ఆరేళ్ల కుమారుణ్ణి వెంటబెట్టుకొని కంగారుగా వచ్చింది. పిల్లవానికి మూత్రం ఎర్రగా వచ్చిందట. ముందురోజు ఏమి తిన్నాడని విచారించాను. బీట్‌రూట్ కూర! కొందరికి ఆ రంగు అలాగే బయటికి వస్తుంది. నొప్పి ఉన్నా, మరునాడూ ఎరుపు కనిపించినా పరీక్ష తప్పదని చెప్పి పంపాను.

తగ్గినదని చెప్పడానికి వచ్చి, "బాబు పుట్టినరోజుకు కొబ్బరి లడ్డూలు చేయాలని గులాబీ రంగు సీసా కొన్నానండీ, వాడవచ్చునా?" అని అడిగింది. సీసాపై రంగు పేరైనా లేదు. "బీట్‌రూట్ తొక్కలేం చేశావమ్మా?" అన్నాను. "చెత్తబుట్టలో వేశానండీ."

పాఠకులారా! మన ఇండ్లలో జరుగుతున్నది ఇదే. కండలో కంటె తొక్కలోనే అధికంగా ఉండే రంగును పారవేసి, పేరు తెలియని రంగును కొంటున్నాము. బట్టల రంగైన రోడమిన్-బి పీచుమిఠాయిలో బయటపడగా 2024లో తమిళనాడు, కర్ణాటక ప్రభుత్వాలు దానిని నిషేధించవలసి వచ్చింది.

ద్రవమే కీలకం

ఏ సారం ఏ ద్రవానికి లొంగుతుందో గ్రహించుటే గురుకులంలో మా గురువుగారు నేర్పిన తొలి పాఠం. కషాయానికి నీరు, తైలపాకానికి నూనె, అరిష్టానికి పులియుటలో తానే పుట్టే మద్యసారం. రంగులకూ ఇదే సూత్రం. బీట్‌రూట్, నల్లద్రాక్షల రంగు నీటిలో దిగుతుంది. టమాటా ఎరుపు నూనెలో దిగుతుంది.

నూనెకు లొంగే సారాలకు పరిశ్రమలలో పెట్రోలియం నుండి వచ్చే హెక్సేన్ వాడుక ఉన్నది. దాని ఆవిరిని దీర్ఘకాలం పీల్చితే నరములు దెబ్బతింటాయి. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998లోనే అనస్టాస్, వార్నర్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు హరిత రసాయనశాస్త్రానికి 12 సూత్రాలు ప్రకటించారు. సురక్షితమైన ద్రావణినే వాడాలన్నది వాటిలో అయిదవది. పండ్ల, కూరల తొక్కల నుండి నీరు, మద్యసారం, వంటనూనెలతో రంగు తీసే పరిశోధనలు నేడు ఆ దారినే సాగుతున్నవి.

ఇంటిలో చేయు విధానం

బీట్‌రూట్: తొక్కలను బాగా కడిగి తరిగి, కాచి చల్లార్చిన నీటిలో నాలుగు చుక్కల నిమ్మరసంతో అరగంట ఉంచి వడకట్టాలి. మరిగిస్తే వన్నె చెడుతుంది. పొయ్యి మీద నుండి దించిన తరువాతనే పదార్థంలో కలపాలి. ఏ రోజుది ఆ రోజే వాడాలి.

టమాటా: తొక్కలను ఎండబెట్టి పొడిచేసి, నువ్వులనూనెలో సన్నని సెగపై వెచ్చచేసి వడకట్టాలి. కూరలకు బాగుంటుంది.

దానిమ్మ: శిల్పారామంలో కలంకారీ వస్త్రాలు చూచే ఉంటారు. పెడన పనివారు పసుపు వన్నెకు వాడే వాటిలో ఈ తొక్క ఒకటి. ఈ రంగు బట్టకే, వంటకు వద్దు.

ఆ తల్లి తెచ్చిన లడ్డూ లేత గులాబీ వన్నెలో ఉన్నది. సీసా రంగంత మెరుపు లేదు. అబ్బాయి మూడు తిన్నాడట. మరునాడు మూత్రం ఎర్రబడితే బెదరవద్దని ఆమెకు ముందే చెప్పి ఉంచాను.