వద్దన్న గొంతే రికార్డెక్కింది!

"ఈ గొంతు రికార్డుకి పనికిరాదు" పొమ్మన్నారట, మొదట్లో ఓ గ్రామఫోన్ కంపెనీ వారు. ఎవర్ననుకున్నారు? మన ఘంటసాల మాస్టార్ని!

గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టి, తండ్రి తరంగాలు పాడుతుంటే చిందులేసిన కుర్రాడాయన. తండ్రి చిన్నప్పుడే పోయాడు. విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర సంగీతం, కడుపుకి ఇంటింటా మధూకరం! అంత కష్టపడి సాధించిన గొంతుకి మద్రాసులో తలుపులు వేశారు. చివరికి హెచ్.ఎం.వి.లో ఉన్న పేకేటి శివరాంగారు విని, రికార్డు చేయించారు. 1945లో 'స్వర్గసీమ'తో సినిమా పాటా మొదలైంది.

78 ఆర్.పి.ఎం. రికార్డంటే పక్కకి మూడు నిమిషాలే. ఆ కాస్త జాగాలోనే కరుణశ్రీ 'పుష్పవిలాపం' పద్యాలు పాడి, పూలు కోయబోయిన చేతుల్ని ఆపేశారు మాస్టారు. సినిమా పాటలకన్నా ఈ ప్రైవేటు రికార్డులే నాకు ఎక్కువిష్టం, కోప్పడకండి మరి!

ఆఖర్న భగవద్గీత. 1974 ఫిబ్రవరి 11న, 51 ఏళ్ళకే ఆయన కన్నుమూశారు. రికార్డు విడుదల ఆయన చూడలేదు. ఇప్పటికీ డెల్టా ఊళ్ళల్లో మైకులో గీత వినపడిందంటే చాలు, "ఎవరు పోయార్రా?" అంటారు. అక్కడ కృష్ణుడేమో లేచి విల్లు పట్టమంటుంటే, ఇక్కడ మనవాళ్ళు పాడె కట్టేస్తున్నారు!