చేపను కడిగితే చాలునా?

ఖరగ్‌పూర్ గోల్‌బజారులో మనం శీలావతి అని అడిగే చేపనే పొరుగు బెంగాలీవారు రుయి అంటారు. పేరేదైనా, ఇంటివారు మమ్ము అడిగే ప్రశ్న ఒక్కటే: ఉప్పు, పసుపు వేసి కడిగితే విషలోహాలు పోతాయా?

పోవు. మిథైల్ పాదరసం చేప కండలోని మాంసకృత్తుల గంధకాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది. కడిగినా, వేయించినా విడువదు. సీసం, కాడ్మియం కండలోకంటే మొప్పలలో, కాలేయంలో, మూత్రపిండాలలో ఎక్కువగా చేరతాయి. కనుక వాటిని తీసివేయుట కొంత మేలు. డబ్బా టూనాను సిస్టీన్ ద్రావణంలో ఉంచి పాదరసాన్ని 35 శాతం వరకు తగ్గించినట్లు స్వీడన్‌లోని ఛామర్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తెలిపారు. మిగిలినది చేపలోనే ఉంటుంది.

చేపనుండి తీయలేనిదానిని నీటినుండి తీయవచ్చును. కర్మాగారపు మలినజలానికి సున్నం కలిపి క్షారగుణం పెంచితే సీసం, కాడ్మియం హైడ్రాక్సైడులుగా అడుగుకు దిగుతాయి. క్రోమియం ఆరు సంయోజకతలో ఉంటే ముందుగా దానిని మూడుకు తగ్గించవలెను. దిగిన మడ్డి వాననీటిలో కలిస్తే పడిన శ్రమంతా వృథా.

జపానులోని మినమాటలో కర్మాగారం సముద్రంలోకి వదలిన పాదరసం చేపల ద్వారా మనుషులకు చేరినది. ఆ వ్యాధి 1956లో బయటపడేనాటికే పసిపిల్లలు మంచాన పడ్డారు. చేతులు కాలాక ఆకులు పట్టుకొని ప్రయోజనమేమి? ఇల్లాలు వంటింట చేయలేని పనిని మనం కాలువ మొదట చేయవలసియున్నది.