రాణుల ఆటకు బెంగళూరులో బోణీ

బెంగళూరు: చదరంగంలో మనం మంత్రి అని పిలిచే పావును ఇంగ్లిషువాళ్లు రాణి అంటారు. బల్లమీద అంత జోరు ఇంకే పావుకీ లేదు. ఆ బల్ల ముందు కూర్చోవడానికి మాత్రం ఆడవాళ్లు చాలాకాలం ఆగాల్సొచ్చింది.

దేశంలో తొలి జాతీయ చెస్ పోటీలు 1955లో మన ఏలూరులోనే జరిగాయి. రామచంద్ర సప్రే, డి.వెంకయ్య సంయుక్త విజేతలు. మహిళలకంటూ జాతీయ పోటీ పెట్టడానికి మరో 19 ఏళ్లు పట్టింది. 1974లో అందుకు వేదికైంది బెంగళూరే. ముంబయి అమ్మాయి వాసంతి ఖాదిల్కర్ ఇక్కడ తొలి టైటిల్ ఎగరేసుకుపోయింది. అప్పటికి వెరా మెన్చిక్ లండన్‌లో తొలి ప్రపంచ మహిళా విజేతగా నిలిచి 47 ఏళ్లు!

వాసంతి వెనకే చెల్లెళ్లు జయశ్రీ, రోహిణి వచ్చారు. తొలి పదేళ్లూ టైటిల్ ఆ ఇల్లు దాటిపోలేదు.

కోర్టుకెక్కిన ఆట

1976లో రోహిణి ఏకంగా పురుషుల జాతీయ పోటీలోకే దిగింది. మగాళ్లతో ఆడపిల్ల ఆడ్డమేంటని గొడవ లేచింది. బరువులెత్తే పోటీయా ఇది? అయినా వ్యవహారం హైకోర్టు దాకా పోయింది. చివరికి, జాతీయ, అంతర్జాతీయ పోటీల్లో మహిళలను ఆపకూడదని ప్రపంచ చెస్ సమాఖ్య అధ్యక్షుడు మాక్స్ యూవే తేల్చేశారు. అదే రోహిణి 1981లో హైదరాబాద్‌లో ఆసియా మహిళా టైటిల్ గెలిచింది.

ఆ మాట విలువ గుడివాడ అమ్మాయి కోనేరు హంపి దగ్గర తెలుస్తుంది. మహిళలకు విడిగా ఓ హోదా ఉంది, దాని కొలత తక్కువ. గ్రాండ్‌మాస్టర్ హోదాకు మాత్రం ఆడా మగా అందరికీ ఒకటే కొలత. తండ్రి అశోక్ శిక్షణలో ఎదిగిన హంపి 2002లో 15 ఏళ్ల నెల 27 రోజుల వయసుకే దాన్ని అందుకుంది. మహిళల్లో జుడిత్ పోల్గార్ రికార్డు మూడు నెలల తేడాతో చెరిగిపోయింది. 2011లో గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారికా ఆ హోదా సాధించింది.

పెళ్లి, పిల్లలతో ఆట ఆగిపోతుందన్న మాటకూ వీళ్లిద్దరే జవాబు. హంపి తల్లయ్యాక తిరిగొచ్చి 2019లో, 2024లో ప్రపంచ ర్యాపిడ్ టైటిళ్లు గెలిచింది. హారిక 2022 చెన్నై ఒలింపియాడ్‌లో నిండు గర్భిణిగా ఆడింది, జట్టుకు కాంస్యం వచ్చింది. 2024లో బుడాపెస్ట్‌లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఆమె ఉంది.

2025 జులైలో బటూమిలో మహిళల ప్రపంచకప్ ఫైనల్ ఇద్దరు భారతీయుల మధ్యే సాగింది. 38 ఏళ్ల హంపిపై 19 ఏళ్ల దివ్య దేశ్‌ముఖ్ టైబ్రేక్‌లో గెలిచి, దేశానికి 88వ గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆ 88 మందిలో మహిళలు నలుగురే. అందులో ఇద్దరు మన తెలుగోళ్లు.