కరవుసీమలో వెల్లువ

కొండవాసులు మంచు నెఱుఁగుదురు. తీరవాసులు తుపాను నెఱుఁగుదురు. ఎఱిఁగిన యాపద కెవ్వరైనను సిద్ధపడుదురు. ఎఱుఁగనిది వచ్చినప్పుడే జనుల నేర్పు తేలును. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము సీమలు వానకే ముఖము వాచిన నేలలు. ఏఁటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే గతి. కనుక ఇచట అపరిచితమైన యుపద్రవము వెల్లువయే.

2021 నవంబరు 19వ తేదీ వేకువను బంగాళాఖాతపు వాయుగుండము పుదుచ్చేరి, చెన్నపట్టణముల నడుమ తీరము దాఁటెను. ఏఁడాదిలో పెక్కు మాసములు ఇసుకబాటగా నుండు చిత్రావతి పొంగిపొరలెను. చెన్నేకొత్తపల్లి మండలమందలి వెల్దుర్తి యొద్ద, కారులో చిక్కినవారిని కాపాడఁబోయిన జేసీబీయును ఏటి నడుమ నిలిచిపోయెను. వాయుసేనవారి మీ-17 హెలికాప్టరు వచ్చి పదుగురను గట్టు చేర్చెను. ఆ సాహసము శ్లాఘనీయము. కాని ప్రతి వాఁగునకు హెలికాప్టరు రాదు.

మన పెద్దలు చెఱువునకు కట్టతోపాటు మరవను గూడ నిర్మించిరి. కరవునాఁడును వఱదను తలఁపున నుంచుకొనిరి. నేఁటి కాలమున వట్టిపోయిన వంకను జూచి, అది యిఁక పాఱదని పైరు పెట్టుచున్నారు, గోడలు లేపుచున్నారు. నీరు తన త్రోవను మఱవదు. పల్లపు వాడలోని నేఁతకాని గుంతమగ్గములోనికి అది చేరెనా, పడుగుతోపాటు అతని కూలియు పోవును.

కావున మేము కోరునది మూఁడు పనులు. వంకల హద్దులు సర్వే చేయింపవలెను. మరవకాలువలలోని కంపను ఎండకాలముననే తీయింపవలెను. మునిఁగిన దారిని దాఁటనీయక బాటసారులను వారింపవలెను. మొదటిదానికి సర్కారు కావలెను. తక్కిన రెంటికి ఆయకట్టుదారుల పూనిక చాలును.