అలసిపోయిన టీమ్‌ను నడిపించేదెలా?

'మీ టీమ్ బాగా అలసిపోయింది. పని ఇంకా సగం మిగిలే ఉంది. లీడర్‌గా ఏం చేస్తారు?' ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న మీకూ ఎదురుకావచ్చు. చాలామంది ఠక్కున 'మోటివేట్ చేస్తాను సార్' అనేస్తారు. ఆ వెంటనే వచ్చే 'ఎలా?' దగ్గర మాత్రం నోరు పెగలదు. ఆ 'ఎలా'కి మంచి జవాబు మన సైన్యం దగ్గర ఉంది.

2000 మే నెల. పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోన్‌కు ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షక దళంగా మన సైనికులు అప్పటికే వెళ్లి ఉన్నారు. ఆ దేశం తూర్పు కొసన ఉన్న కైలాహున్‌లో మనవాళ్ల రెండు కంపెనీలను ఆర్‌యూఎఫ్ తిరుగుబాటుదారులు చుట్టుముట్టారు. లోపల చిక్కుకున్నది 220 మందికి పైగా. ఆయుధాలు అప్పగిస్తే వదిలేస్తామన్నారు. మనవాళ్లు ససేమిరా అన్నారు. అలా దాదాపు రెండున్నర నెలలు గడిచాయి.

ఇందులో అసలు కష్టం ఎక్కడుందో చూడండి. యుద్ధంలో అయితే పట్టుకోవాల్సిన కొండో, దాటాల్సిన నదో కళ్లెదుట ఉంటుంది. శాంతి దళానికి అలాంటిదేమీ ఉండదు. ఆత్మరక్షణకో, అప్పగించిన బాధ్యతను కాపాడటానికో తప్ప బలప్రయోగం చేయకూడదు. చాలాసార్లు కాచుకుని ఉండటమే డ్యూటీ. ఉద్యోగ నోటిఫికేషన్ కోసం నెలల తరబడి చూసినవాళ్లకు తెలుసు, ఎదురుచూపు ఎంత నీరసం తెప్పిస్తుందో!

జులై 15న 'ఆపరేషన్ ఖుక్రి' మొదలైంది. బ్రిటిష్ చినూక్ హెలికాప్టర్లు సైనిక పరిశీలకులను ముందుగా బయటికి తరలించాయి. మేజర్ రాజ్‌పాల్ పూనియా నాయకత్వంలో మిగతావాళ్లు వలయాన్ని ఛేదించారు. వానలో, కాల్పుల మధ్య, బురద దారిలో పెండెంబు మీదుగా మర్నాటికి దారు చేరుకున్నారు. ఈ పోరులో హవల్దార్ కృష్ణ కుమార్ అమరుడయ్యారు.

రెండున్నర నెలలు నలిగిన మనుషులకు ఆ ఒక్క ఉదయం స్పీచ్ ఇస్తే అంత బలం వస్తుందా? రాదు. అది రోజూ కొంచెం కొంచెంగా కాపాడుకోవాల్సిన బలం. అందుకు ఏ సైన్యంలోనైనా పాటించే పద్ధతులు కొన్ని ఉన్నాయి.

మొదటిది దినచర్య. ముట్టడిలో ఉన్నా సరే, తెల్లవారుజామున అప్రమత్తంగా నిలబడటం, ఆయుధాలు శుభ్రం చేసుకోవడం, వంతులవారీ కాపలా ఆగవు. చేతికి పని ఉంటే మనసు కుంగదు.

రెండోది నిజం చెప్పడం. 'రేపే వెళ్లిపోతాం' అని ఊరిస్తే, ఆ రేపు రానప్పుడు నాయకుడి మాటకు విలువ పోతుంది. పరిస్థితి ఇదీ, మనం ఆగింది ఇందుకూ అని చెబితే మనిషి ఓర్చుకుంటాడు.

మూడోది పనిని ముక్కలు చేయడం. కంపెనీలో ప్లాటూన్లు, ప్లాటూన్‌లో పదిమంది చొప్పున సెక్షన్లు ఉండేది ఊరికే కాదు. అలసిన మనిషికి మొత్తం దారి చూపిస్తే గుండె జారుతుంది. వచ్చే మలుపు దాకా చూపిస్తే నడుస్తాడు.

నాలుగోది వంతు. జవాన్లు తిన్నాకే ఆఫీసర్ తినడం సైన్యంలో ఆనవాయితీ. ముందు దేశం, తర్వాత నీ మనుషులు, చివరికి నువ్వు... డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీలో నేర్పే వరుస ఇదే. నిద్ర చాలనివాడికి కావాల్సింది నినాదం కాదు, రెండు గంటల నిద్ర. అది ఇప్పించడమూ మోటివేషనే.

బత్తలపల్లి నుంచి ధర్మవరం, అనంతపురం కాలేజీలకు బస్సెక్కే మీకు సైన్యం దూరపు సంగతేం కాదు. మన జిల్లాలోని గోరంట్ల మండలం నుంచి అగ్నివీర్‌గా వెళ్లిన మురళీ నాయక్ 2025 మేలో అమరుడయ్యాడు. ఈ ఉద్యోగంలో ఏముందో తెలిసే అడుగేయాలి. ఆఫీసర్ కావాలనుకుంటే డిగ్రీ వాళ్లకు సీడీఎస్, ఇంజినీరింగ్ వాళ్లకు టెక్నికల్ ఎంట్రీలు ఉన్నాయి. తర్వాత ఐదు రోజుల ఎస్ఎస్‌బీ. ఆ సెంటర్లలో ఒకటి బెంగళూరులోనే ఉంది, ధర్మవరంలో రైలెక్కితే చాలు. అక్కడ గ్రూప్ టాస్కుల్లో దుంగలు, తాళ్లు ఇచ్చి అడ్డంకులు దాటమంటారు. ఎవరు గట్టిగా అరిచారన్నది ముఖ్యం కాదు. వెనకబడినవాణ్ని ఎవరు కలుపుకెళ్లారో చూస్తారు.

సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. రిలీజ్ రాత్రి రెండింటికి 'కమాన్ గైస్' అని మెసేజ్ పెట్టే లీడ్‌ను ఎవరూ గుర్తుపెట్టుకోరు. 'నువ్వు పడుకో, ఈ టెస్టులు నేను చూస్తా' అన్నవాణ్ని మరిచిపోరు.

కాబట్టి ఈసారి ఆ ప్రశ్న వస్తే ఇలా చెప్పండి: 'ముందు ఎవరికి విశ్రాంతి కావాలో చూస్తాను. పరిస్థితి ఉన్నదున్నట్టు చెబుతాను. మిగిలిన పనిని చిన్న భాగాలు చేసి, కష్టమైనది నేను తీసుకుంటాను.' ఈ మాటకు రుజువు కూడా ఉండాలి కదా! ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపో, ఫైనలియర్ ప్రాజెక్టో... చేతిలో ఉన్న పనితో ఈ వారమే మొదలుపెట్టండి.