మొటిమ పోయినా మచ్చ మిగిలింది

మా అమ్మాయికి పదిహేడో ఏట మొగం నిండా మొటిమలు లేచాయి. "ఒంట్లో వేడి చేసిందే, మామిడిపళ్ళు మాన్పించు" అన్నారు మా అత్తగారు. పక్కింటి పిన్నిగారు శనగపిండి, పసుపు రాయమన్నారు. రెండూ చేశాను. అవి చాలక, ఎవరో చెప్పగా మందుల షాపులో ఒక క్రీము అడిగి తెచ్చాను. నాలుగు వారాలు మొగం కళకళలాడింది. మానేసరికి ఎర్రగా కంది, మొటిమలు రెట్టింపయినాయి. పిల్ల పేరంటాలకు రానని గదిలో కూర్చున్నది. అప్పుడు గాని నాకు చర్మవైద్యురాలు గుర్తుకు రాలేదు!

ఆమె క్రీము పేరు చదివి, "ఇందులో స్టెరాయిడు ఉన్నదండీ. వైద్యుల సలహా లేకుండా మొగానికి రాయకూడదు" అన్నారు. ఆమె చెప్పిన సంగతులు తోటి తల్లులకు పనికివస్తాయని రాస్తున్నాను.

మొటిమకు మూలం వేడి కాదు. ఈడు వచ్చినప్పుడు హార్మోనుల ప్రభావంతో చర్మంలోని గ్రంథులు ఎక్కువ జిడ్డు ఊరుస్తాయి. ఆ జిడ్డూ, చచ్చిన చర్మకణాలూ కలిసి వెంట్రుక రంధ్రానికి బిరడాలా అడ్డుపడతాయి. రంధ్రం నోరు తెరుచుకొని ఉంటే నల్లమొటిమ. ఆ నలుపు మురికి కాదు. ఎంత రుద్దినా పోదు. నోరు మూసుకొంటే తెల్లమొటిమ. లోపల వాపు పుడితే ఎర్రమొటిమ. చీము పట్టేవీ, లోతున గడ్డకట్టి సలిపేవీ దాని అక్కచెల్లెళ్ళే.

మచ్చలూ అన్నీ ఒకటి కావు. మొటిమ మానినచోట చదునుగా గోధుమరంగు మచ్చ మిగిలితే, చర్మంలోని రంగు అక్కడ పేరుకొన్నదన్నమాట. మన చాయవారికి ఇది మామూలే. ఎండ తగలకుండా చూసుకొంటే నెలలమీద తగ్గుతుంది. వేలికి గుంట తగిలిందా, చర్మం లోపలి పొర దెబ్బతిన్నదన్నమాట. అది క్రీములతో పూడదు. దాని చికిత్సలు వేరు. ఛాతీమీద, దవడమీద ఉబ్బి గట్టిపడేవి మరొక రకం. మొటిమను గిల్లినా, చిదిమినా మచ్చ పడే భయం ఎక్కువ.

అమ్మాయికి రాత్రి రాసుకోను అడాపలీను, పగటికి సన్‌స్క్రీను రాసి ఇచ్చి, "మూడు నెలలు ఓపిక పట్టండి" అన్నారామె. నుదుటి మొటిమలు చూసి మాత్రం నావైపు తిరిగారు. నేను తలకు దండిగా పట్టించే నూనె జారి, అక్కడి రంధ్రాలను మూస్తున్నదట! మొటిమలతోపాటు నెలసరి తప్పుతూ, గడ్డంమీద వెంట్రుకలు వస్తూ ఉంటే పరీక్షలు చేయించాలని కూడా చెప్పారు.

నాలుగో నెలకు గోధుమ మచ్చలు పలచబడినాయి. మొన్న పేరంటానికి పిల్ల తనంతట తానే బయలుదేరింది. చెంపమీద రెండు గుంటలు మాత్రం ఉండిపోయాయి. అవి చూసినప్పుడల్లా, ఆ షాపుకు బదులు ముందే ఆమె గుమ్మం తొక్కి ఉండవలసింది అనుకొంటాను.